లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పాత ఫొటోల్లో వెతకడం: మొదటి మాట నుంచి డౌన్‌లోడ్ దాకా

వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లక్షల కొద్దీ పాత ఫొటోల్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఒక మాట కొడితే వేలల్లో వచ్చి పడతాయి, ఇంకో మాట కొడితే ఒక్కటీ రాదు. రెండింటికీ కారణం ఒకటే. ఆ సెర్చ్ బాక్స్ బొమ్మల్ని చూడదు, బొమ్మ గురించి ఎవరో ఎప్పుడో రాసిన మాటల్ని చూస్తుంది. ఫొటోగ్రాఫర్ పంపిన క్యాప్షన్, నెగటివ్ అంచున గీసిన ఊరి పేరు, తర్వాత లైబ్రరీలో జాబితా రాసే కేటలాగర్ చేర్చిన సబ్జెక్ట్ హెడింగు (ఫొటో దేని గురించో చెప్పే మాట): మీ మాట వీటిలో దేనితోనైనా కలిస్తేనే ఫొటో బయటికొస్తుంది. కాబట్టి పని మొత్తం ఆ రాసినవాళ్ల మాటలు పట్టుకోవడంలోనే ఉంది.

ఉదాహరణగా ఎఫ్‌ఎస్‌ఏ (ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్) ఫొటోల్ని తీసుకుందాం. మహామాంద్యంలో చితికిపోయిన అమెరికా పల్లెల్ని, వలస కూలీల్ని, ఆ తర్వాత యుద్ధకాలపు ఫ్యాక్టరీల్ని అక్కడి ప్రభుత్వమే జీతాలిచ్చి ఫొటోలు తీయించింది. ఆ పని 1935లో రీసెటిల్‌మెంట్ అడ్మినిస్ట్రేషన్ కింద మొదలై, 1937లో ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ చేతికి, 1942లో ఆఫీస్ ఆఫ్ వార్ ఇన్ఫర్మేషన్ చేతికి మారింది. ఎక్కువ కాలం నడిపించినవాడు రాయ్ స్ట్రైకర్. 1944లో అంతా లైబ్రరీకి చేరింది. నలుపు తెలుపు నెగటివ్‌లే సుమారు 1,75,000, రంగువి మరో 1,600 దాకా. ఇక్కడ చేయి తిరిగితే బెయిన్ వార్తాసంస్థ గాజు పలకల్లోనైనా, ప్రొకూడిన్-గోర్‌స్కీ తీసిన రష్యా రంగుల ఫొటోల్లోనైనా, వేరే దేశపు లైబ్రరీలోనైనా ఇదే దారి.

1. ఏ పేజీ నుంచి లోపలికి వెళ్లాలి

రెండు దారులున్నాయి. లైబ్రరీ ప్రధాన సైట్ ఎల్‌ఓసీ డాట్ జీఓవీలో సెర్చ్ బాక్స్ పక్కన 'ఫొటోస్, ప్రింట్స్, డ్రాయింగ్స్' ఎంచుకోవడం ఒకటి. అదే అడ్రసుకు 'స్లాష్ పిక్చర్స్' తగిలిస్తే వచ్చే ప్రింట్స్ అండ్ ఫొటోగ్రాఫ్స్ విభాగపు కేటలాగ్ రెండోది. మొదటిదాంట్లో సంవత్సరం, చోటు, ఫొటోగ్రాఫర్ లాంటి ఫిల్టర్లు పక్కనే కనబడతాయి. రెండోది చూడ్డానికి పాతకాలపుదిలా ఉంటుంది గానీ లోతుగా వెతికేవాళ్లకు అదే నయం. కారణం 5వ మెట్టులో తెలుస్తుంది.

లోపలికెళ్లాక మొత్తం లైబ్రరీలో వెతకొద్దు. ముందు కలెక్షన్ల జాబితాలో మీకు కావలసింది తెరిచి, ఆ కలెక్షన్ పేజీలోని బాక్స్‌లోనే మాట కొట్టండి. 'కాటన్' అని మొత్తంలో కొడితే మ్యాపులు, కార్టూన్లు, ఇంటిపేరు కాటన్ అయిన పెద్దమనుషులు అందరూ వస్తారు.

2. కొట్టే ముందు మాటలు రాసుకోండి

ప్రపంచమంతా 'మైగ్రెంట్ మదర్' అని పిలిచే ఫొటో ఉంది కదా. డొరొథియా లాంగ్ 1936లో కాలిఫోర్నియాలో తీసింది: పిల్లలు చెరో భుజం మీద తల వాల్చి ఉండగా, చెయ్యి చెంపకానించి దూరంగా చూస్తున్న తల్లి. దానికి అప్పట్లో పెట్టిన క్యాప్షన్ ఇది: 'డెస్టిట్యూట్ పీ పికర్స్ ఇన్ కాలిఫోర్నియా. మదర్ ఆఫ్ సెవెన్ చిల్డ్రన్. ఏజ్ థర్టీ-టూ. నిపోమో, కాలిఫోర్నియా.' ఇందులో 'మైగ్రెంట్' లేదు, ఆమె పేరు లేదు. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అన్న పేరు బయటికొచ్చిందే 1978లో. ఇంత పేరున్న ఫొటో కాబట్టి ఆ మాటలన్నీ తర్వాత కేటలాగర్లు నోట్స్‌లో చేర్చారు. పేరు లేని మిగతా లక్ష ఫొటోలకు ఆ సాయం ఎవరూ చెయ్యలేదు. వాటిని పట్టుకోవాలంటే బఠాణీ కోసేవాళ్లని, నిపోమో అని, గుడారం అని, అంటే ఆ రోజు అక్కడ నిలబడినవాళ్లకు తోచే మాటలే కావాలి.

అందుకే కాగితం మీద మూడు వరసలు గీసుకోండి. మొదటి వరసలో మీ భావం. రెండో వరసలో ఆనాటి క్యాప్షన్ రాసినవాళ్లు వాడే మామూలు మాటలు. మూడో వరసలో లైబ్రరీవాళ్ల సబ్జెక్ట్ మాటలు. సినిమా హాలు కావాలనుకోండి: క్యాప్షన్‌లో 'మూవీ' అనో 'పిక్చర్ షో' అనో ఉంటుంది, సబ్జెక్ట్ హెడింగులో మాత్రం 'మోషన్ పిక్చర్ థియేటర్స్'. ఇళ్లు 'డ్వెల్లింగ్స్' కింద, కార్లు 'ఆటోమొబైల్స్' కింద, బట్టలుతకడం 'లాండ్రీ' కింద ఉంటాయి. పేదరికం, ఆశ, ఒంటరితనం లాంటి మాటలతో వెతకొద్దు. కళ్లకు కనిపించే వస్తువు, చేస్తున్న పని, ఊరు, జిల్లా వెయ్యండి.

అప్పటి మాటలు ఇప్పుడు చెవికి ముల్లులా గుచ్చుకుంటాయి. నల్లజాతివాళ్లను ఆ క్యాప్షన్లు 'నీగ్రో', 'కలర్డ్' అనే రాశాయి. ఆనాటి క్యాప్షన్ కూడా చారిత్రక పత్రమే కాబట్టి లైబ్రరీ దాన్ని దిద్దదు. నేటి మర్యాద మాటతో మాత్రమే వెతికితే సగం సరుకు కనబడకుండా పోతుంది. రెండు మాటలతోనూ విడివిడిగా వెతకాలి.

మన దేశపు ఫొటోలు వెతికేవాళ్లకు వేరే తిప్పలున్నాయి. 'ఇండియన్' అని కొడితే అమెరికా ఆదివాసులు వరదలా వస్తారు. దేశం పేరే కొట్టండి, లేదా ఊరు. 1900ల మొదట్లో అమెరికా పత్రికలవాళ్లకు భారతీయుడంటే మతంతో పనిలేకుండా 'హిందూ'నే, పంజాబీ సిక్కుతో సహా. ఆ మాట చివర ఒకచోట 'యు', ఇంకోచోట రెండు 'ఓ'లు ఉంటాయి. మహారాజా చివర 'హెచ్' ఉన్నదీ లేనిదీ రెండూ చూడాలి. హైదరాబాద్ అని కొడితే సింధ్‌లోని హైదరాబాద్ కూడా కలిసి వస్తుంది. పక్కన 'దక్కన్' లేదా 'నిజాం' చేర్చి ఒకసారి, చేర్చకుండా ఒకసారి చూడండి.

తెలుగు ఊళ్లకు బ్రిటిష్ కాలపు స్పెల్లింగులే పనిచేస్తాయి. ఏ దేశపు లైబ్రరీలోనైనా ఇవి పక్కన పెట్టుకుని కూర్చోవాలి:

- విజయవాడకు బెజవాడ, విశాఖపట్నానికి విజగపటం, భీమునిపట్నానికి బిమ్లిపటం
- కాకినాడకు కోకనాడ, మొదటి అక్షరం 'సి'. మచిలీపట్నానికి మసూలిపటం, కొన్నిచోట్ల బందర్
- శ్రీకాకుళానికి చికాకోల్. కడపకు 'సి'తో మొదలై రెండు 'డి'లు, చివర 'హెచ్'
- ఏలూరుకు ఎల్లోర్. ఎల్లోరా గుహలకూ దీనికీ ఒక్క అక్షరమే తేడా, జాగ్రత్త

ఊరు పేరుతో దొరక్కపోతే 'మద్రాస్ ప్రెసిడెన్సీ'కి వెళ్లండి. కోస్తా, రాయలసీమ ఫొటోలు చాలావాటికి అంతకుమించి చిరునామా రాయలేదు. మనుషుల పేర్లదీ ఇదే గొడవ. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర రాజా బిరుదు పొందిన దీన్ దయాళ్ ఒకచోట 'లాలా', ఒకచోట 'రాజా'. 'దీన్'కు ఒకచోట రెండు 'ఈ'లు, ఒకచోట 'ఐ'. ఆయన గాజు నెగటివ్‌లు పెద్దమొత్తంలో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి కాబట్టి హైదరాబాద్ కోసం వెతికేవాళ్లు అమెరికా లైబ్రరీ దగ్గరే ఆగిపోకూడదు.

3. రెండు మాటలతో మొదలుపెట్టండి

వాక్యాలు కొట్టొద్దు. ఒక పని, ఒక చోటు, అంతే. ఎక్కువొస్తే మూడో మాట చేర్చండి, ఏమీ రాకపోతే ఒకటి తీసెయ్యండి. ఏకవచనం, బహువచనం రెండూ ప్రయత్నించండి. ఫలితాల్ని జాబితాగా కాకుండా గ్రిడ్‌లో పెట్టుకుంటే ఒక్క చూపులో వంద బొమ్మలు జల్లెడ పట్టొచ్చు.

ఫిల్టర్లతో మాత్రం తొందరపడొద్దు. చోటు ఫిల్టర్ నొక్కితే, చోటు గడి ఖాళీగా ఉన్న రికార్డులన్నీ మాయమవుతాయి. పాత ఫొటోల్లో అవే ఎక్కువ. సంవత్సరం ఫిల్టర్ ఇంకా ప్రమాదం. బెయిన్ ఫొటోల తేదీ చాలాచోట్ల '1915 ప్రాంతం నుంచి 1920 ప్రాంతం మధ్య' అన్నట్టు ఉంటుంది. మీరు 1917 ఒక్కటే అడిగితే అది దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. వెనకా ముందూ పదేళ్లు వదులుగా పెట్టి, కళ్లతో ఏరుకోవడమే మేలు.

4. దొరికిన ఒక్క రికార్డును పూర్తిగా చదవండి

చాలామంది బొమ్మ చూసి వెనక్కెళ్లిపోతారు. కింద ఉన్న రికార్డే అసలు సంపద.

టైటిల్ చుట్టూ చదరపు బ్రాకెట్లు ఉంటే ఆ మాటలు కేటలాగర్‌వి. లేకపోతే ఫొటోతో వచ్చినవి. ఎఫ్‌ఎస్‌ఏలో 'అన్‌టైటిల్డ్ ఫొటో, పాసిబ్లీ రిలేటెడ్ టు' అని బ్రాకెట్‌లో మొదలయ్యేవి వేలల్లో కనబడతాయి. స్ట్రైకర్ ఆఫీసు నచ్చిన ఫ్రేములకే క్యాప్షన్ కట్టింది, మిగతావి ఖాళీగా వదిలేసింది. ఖాళీగా ఉన్నవాటికి లైబ్రరీ పక్కనున్న నెగటివ్ క్యాప్షన్‌ను అరువిచ్చి ఇలా రాసుకుంది. అంటే అందులోని ఊరు, మనుషులు ఈ ఫొటోలోనివే అన్న హామీ లేదు. అదే నిజమనుకుని వ్యాసంలో ఊరి పేరు రాసేస్తే తప్పు పడుతుంది.

తేదీ ముందు 'సి' అతుక్కుని ఉంటే అది కాపీరైట్ తీసుకున్న సంవత్సరం. ఫొటో అంతకు ముందే తీసి ఉండొచ్చు. 'సిఎ' అని ఉంటే సుమారు.

నోట్స్ వదలొద్దు. బెయిన్ రికార్డుల్లో టైటిల్ సంస్థవాళ్లిచ్చిన సరిచూడని సమాచారం నుంచి తీసుకున్నామని లైబ్రరీయే రాసి పెట్టింది. 2008 జనవరిలో ఈ ఫొటోలు కొన్నిటిని లైబ్రరీ ఫ్లికర్ కామన్స్‌లో పెట్టాక, పాత పత్రికలు తిరగేసి పేర్లూ తేదీలూ దిద్దినవాళ్లు చాలామంది. ఆ దిద్దుబాట్లు నోట్స్‌లోకి ఎక్కినవీ ఉన్నాయి, ఫ్లికర్ కామెంట్లలోనే మిగిలినవీ ఉన్నాయి. బెయిన్ ఫొటో వాడేముందు అక్కడా ఒకసారి తొంగిచూడాలి.

ఇక కాల్ నంబరు, అంటే అసలు ఫొటోను లైబ్రరీలో ఎక్కడ పెట్టారో చెప్పే నంబరు. ఎఫ్‌ఎస్‌ఏలో అది నెగటివ్ జాతి చెబుతుంది. 'ఎల్‌సీ-యూఎస్‌ఎఫ్33' అంటే 35 ఎంఎం ఫిల్మ్. దాని చివర వచ్చే ఎం1 నుంచి ఎం5 దాకా ఉన్నవి ఒకే ముక్కలోని ఫ్రేములు. 'యూఎస్‌ఎఫ్34'లో ఎక్కువగా పెద్ద షీట్ ఫిల్ములు, 'యూఎస్‌ఎఫ్342' 8×10 అంగుళాలవి. 'యూఎస్‌డబ్ల్యూ3' యుద్ధ సమాచార శాఖది. రంగువి కావాలంటే 'యూఎస్‌ఎఫ్35', 'యూఎస్‌డబ్ల్యూ36'.

5. అక్కణ్నుంచి పక్కకు జరగండి

ఒక్క మంచి ఫొటో దొరికాక సెర్చ్ బాక్స్‌తో పని దాదాపు అయిపోయినట్టే. ఇక లింకుల మీద నడవాలి.

సబ్జెక్ట్ హెడింగు మీద నొక్కితే అదే హెడింగు ఉన్నవన్నీ వస్తాయి. మీకు తట్టని మాట ఇక్కడ దొరుకుతుంది, దాన్ని మీ మూడో వరసలో రాసుకోండి. అయితే ఎఫ్‌ఎస్‌ఏ నలుపు తెలుపు ఫొటోలు చాలావాటికి ఈ హెడింగులే ఉండవు. అక్కడ క్యాప్షనే దిక్కు. 'లాట్' నంబరు ఇంకా పనికొస్తుంది. ఒక ప్రాంతంలో ఒక పని మీద తీసిన ఫొటోల్ని ఒక లాట్‌గా కట్టారు కాబట్టి ఆ నంబరుతో వెతికితే ఆ ప్రయాణం మొత్తం కళ్లముందుకొస్తుంది.

అన్నిటికన్నా గొప్పది 'బ్రౌజ్ నెయిబరింగ్ ఐటమ్స్ బై కాల్ నంబర్' అన్న లింకు. పిక్చర్స్ కేటలాగ్‌ను ముందే ఎంచుకోమన్నది దీనికోసమే. నంబరు ప్రకారం ముందూ వెనకా ఉన్న నెగటివ్‌లన్నీ చూపిస్తుంది, క్యాప్షన్ లేనివాటితో సహా. వాటిలో చాలావాటిని ఏ మాటతో వెతికినా పట్టుకోలేం.

ఇది ఎంత పని చేస్తుందో ఆర్థర్ రోత్‌స్టీన్ ఫొటో చూస్తే తెలుస్తుంది. 1936 మేలో దక్షిణ డకోటా బ్యాడ్‌లాండ్స్‌లో, పగుళ్లు విచ్చిన నేల మీద ఎండిన ఎద్దు పుర్రె ఫొటో తీశాడు. కరవుకు గుర్తుగా అది పత్రికల్లోకెక్కింది. తర్వాత అదే పుర్రె వేరే చోట ఉన్న ఫొటో కూడా బయటపడి, ప్రభుత్వం దొంగ ఫొటోలు తీయిస్తోందని ప్రత్యర్థి పత్రికలు దుమ్మెత్తిపోశాయి. వెలుగు కోసం, నేపథ్యం కోసం కొద్ది అడుగులు జరిపానని రోత్‌స్టీన్ ఒప్పుకున్నాడు. ఒక్క ఫొటోతో ఆగినవాళ్లకు ఈ వివాదం అర్థం కాదు. పక్క నెగటివ్‌లు తెరిస్తే అదే పుర్రె ఒకచోట పగుళ్ల నేల మీద, మరోచోట గడ్డి మీద కనబడుతుంది. నీడ ఎటు పడుతోందో గమనించండి.

రెండు హెచ్చరికలు. నంబర్లు చాలావరకు ఆఫీసులో వేసినవి, తీసిన వరసలో ఉంటాయనుకోవద్దు. అలాగే కొన్ని ఫొటోల మధ్యలో నల్లటి గుండ్రని మచ్చ కనిపిస్తే స్కానర్ లోపం కాదు. స్ట్రైకర్ వద్దనుకున్న నెగటివ్‌లకు పంచ్‌తో చిల్లు పొడిపించేవాడు, ఆ చిల్లే అది.

జిల్లాల వారీగా చూడాలంటే యేల్ విశ్వవిద్యాలయంలో తయారైన ఫొటోగ్రామర్ అనే సైట్ ఉంది. ఇవే ఎఫ్‌ఎస్‌ఏ ఫొటోల్ని అమెరికా మ్యాప్ మీద కౌంటీ కౌంటీగా పరిచింది. మీరుంటున్న కౌంటీ 1930ల్లో ఎలా ఉండేదో చూడాలనుకునే డాలస్, న్యూజెర్సీ తెలుగువాళ్లకు ఇదే దగ్గరి దారి.

6. దొరకడం లేదంటే

చాలాసార్లు ఫొటో ఉంటుంది, రికార్డు విడిగా ఉండదు. వందల ఫొటోలున్న ఆల్బమ్ మొత్తానికి ఒకటే గ్రూప్ రికార్డు రాసి ఉంటారు. బొమ్మ లేని లాట్ రికార్డు కనిపిస్తే దాటిపోకుండా వివరణ చదవండి. స్కాన్ కాకపోయినా అసలుది రీడింగ్ రూమ్‌లో ఉంటుంది.

కొన్నిటికి తపాలా బిళ్ల అంత బొమ్మే కనబడుతుంది, ఎంత నొక్కినా పెద్దదవ్వదు. మీ ఇంటర్నెట్ తప్పు కాదు. హక్కులు తేలని ఫొటోల పెద్ద సైజు లైబ్రరీ భవనాల లోపలి కంప్యూటర్లలోనే తెరుచుకుంటుంది.

వాట్సాప్‌లో తిరిగే ఫొటో అసలు ఎక్కడిదో తెలియాలంటే మాటలతో మొదలుపెట్టొద్దు. గూగుల్ లెన్స్‌లాంటి దాంట్లో వేసి, అంచులు కత్తిరించని పాత కాపీ దొరికేదాకా చూడండి. దాని కింద లైబ్రరీ నంబరు దొరికితే ఆ నంబరే సెర్చ్ బాక్స్‌లో కొట్టండి. వాట్సాప్‌తో పాటు వచ్చిన ఊరి పేరూ సంవత్సరమూ చాలాసార్లు అక్కడే ఊడిపోతాయి.

7. ఏ ఫైలు దించుకోవాలి

ఒకే ఫొటోకు రెండు మూడు రిప్రొడక్షన్ నంబర్లు, అంటే దాని ఒక్కో కాపీకి ఒక్కో నంబరు, ఉంటాయి. 'ఎల్‌సీ-డిఐజీ' అంటే డిజిటల్ ఫైలు. 'ఎల్‌సీ-యూఎస్‌జడ్62' అంటే నలుపు తెలుపు కాపీ నెగటివ్, 'యూఎస్‌జడ్‌సీ4' అంటే రంగు కాపీ. డిజిటల్ ఫైలు పక్కన 'ఫ్రమ్ ఒరిజినల్ నెగటివ్' అని ఉంటే కళ్లు మూసుకుని అది తీసుకోండి. కాపీ నుంచి స్కాన్ చేసినదాంట్లో నీడలు ముద్దకట్టి, మొహాలు సున్నం కొట్టినట్టు తేలిపోతాయి.

'మైగ్రెంట్ మదర్' మాత్రం దీనికి మినహాయింపు. కుడివైపు కింది మూలలో గుడారపు గుంజ పట్టుకున్న బొటనవేలు ఒకటి ఉండేది. అందంగా లేదని తర్వాత నెగటివ్ మీదే దాన్ని చెరిపించారు. అది అసలు ఎలా ఉండేదో చూడాలంటే చెరపకముందు వేసిన పాత ప్రింటు స్కాన్ తెరవాలి.

తెర మీద చూడ్డానికి జేపెగ్ చాలు. అచ్చుకైతే టిఫ్ కావాలి. లెక్క సులువు: ఎన్ని అంగుళాల వెడల్పు అచ్చు వెయ్యాలో దాన్ని 300తో హెచ్చించండి, 8 అంగుళాలకు 2,400 పిక్సెళ్లు. టిఫ్ ఫైళ్లలో వంద మెగాబైట్లు దాటేవీ ఉంటాయి, చాలా ఫోన్లలో సరిగా తెరుచుకోవు. కంప్యూటర్లో దించుకుని, అసలు ఫైలు ముట్టకుండా కాపీ మీద పనిచెయ్యండి.

దించగానే ఫైలు పేరులో రిప్రొడక్షన్ నంబరు చేర్చండి. పక్కన చిన్న నోట్‌లో క్యాప్షన్ యథాతథంగా, ఫొటోగ్రాఫర్ పేరు, తేదీ రాసుకోండి. పైన కనిపించే బ్రౌజర్ అడ్రసు కాపీ చేస్తే సెర్చ్ ఫలితాల అడ్రసు వస్తుంది, అది కొన్నాళ్లకు పనిచెయ్యకపోవచ్చు. రికార్డులో 'హెచ్‌డిఎల్' అని మొదలయ్యే శాశ్వత లింకు ఉంటుంది, అది తీసుకోండి.

8. వాడుకోవచ్చా?

రికార్డులో హక్కుల సలహా గడి చూడండి. 'నో నోన్ రిస్ట్రిక్షన్స్ ఆన్ పబ్లికేషన్' అంటే తమకు తెలిసినంతలో అడ్డేమీ లేదని లైబ్రరీ అంటోంది, పూచీ మాత్రం పడటం లేదు. ఎఫ్‌ఎస్‌ఏ ఫొటోలు ప్రభుత్వ ఉద్యోగులు తీసినవి కాబట్టి ఇబ్బంది లేదు. ఆ ఫైల్లో బయటివాళ్ల నుంచి తెచ్చి కాపీ చేసినవి కొన్ని కలిశాయి, వాటి సంగతి నోట్స్‌లో చూసుకోవాలి. పాత ప్రచురణలకు అమెరికాలో లెక్క, అచ్చయిన నాటి నుంచి 95 ఏళ్లు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకు, 2012 సవరణకు ముందు ప్రచురించిన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు ఉండేది; ఆ సవరణ తర్వాత, ఫొటోగ్రాఫర్ చనిపోయిన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు. ప్రకటనల్లో వాడేటప్పుడు అందులోని మనుషుల కుటుంబాల సంగతి విడిగా ఆలోచించాలి.

ఫొటో కింద వరుసగా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, ప్రింట్స్ అండ్ ఫొటోగ్రాఫ్స్ డివిజన్, కలెక్షన్ పేరు, రిప్రొడక్షన్ నంబరు వెయ్యండి. ఎవరైనా తిరిగి ఆ ఫొటో చేరుకోవాలంటే కావలసింది ఆ నంబరే.

ఇంత చేసినా దొరక్కపోతే సైట్‌లోని 'ఆస్క్ ఎ లైబ్రేరియన్' ఫారంలో రాయండి. డబ్బులేమీ అడగరు. 'పాత హైదరాబాద్ ఫొటోలు కావాలి' అని రాస్తే మామూలు జవాబే వస్తుంది. ఏ కలెక్షన్లో, ఏ మాటలతో, ఏ స్పెల్లింగులతో వెతికారో, దగ్గరగా వచ్చిన కాల్ నంబరు ఏదో, ఏ ఏళ్ల మధ్యవి కావాలో నాలుగు వరసల్లో రాస్తే, స్కాన్ కాని లాట్‌లో మీ ఫొటో ఉందో లేదో చెప్పడం వాళ్లకు తేలిక.